కాలి కండరాల పేర్లు గుర్తుపెట్టుకోవడం ఎలా?

పరుగు నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది ఇదే: పేర్లు బట్టీ పట్టకండి, చేత్తో తాకి నేర్చుకోండి.

మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడండి. మోకాలి కింద, వెనకవైపు గట్టిపడేదే పిక్క. చింతపిక్క, పనసపిక్క అన్నప్పుడు ఇదే మాటకు గింజ అని అర్థం. పారిపోయినవాణ్ణి ‘పిక్కబలం చూపించాడు’ అంటాం. పరుగులో పిక్క పనేమిటో బాగా తెలిసినవాళ్లు పుట్టించిన మాట అది, నాకెంతో ఇష్టం. వైద్యులు వాడే గ్యాస్ట్రోక్నీమియస్ అనే పేరు గ్రీకు నుంచి వచ్చింది, కాలి పొట్ట అని దాని భావం. ఉబ్బెత్తుగా ఉంటుంది కదా!

జంఘ దగ్గర మాత్రం జాగ్రత్త. సంస్కృతంలో అది మోకాలికీ చీలమండకీ మధ్య భాగం. హిందీలో జాంఘ్ అంటే తొడ. ఒకసారి హిందీ మాట్లాడే అమ్మాయి జాంఘ్ నొప్పి అంటే నేను పిక్కకు ఐస్ పెట్టాను. అప్పటినుంచి ఎవరు ఏ పేరు చెప్పినా ‘వేలు పెట్టి చూపించు’ అంటాను. మీరూ అలాగే అడగండి.

తొడ ముందువైపు క్వాడ్రిసెప్స్, అంటే లాటిన్‌లో నాలుగు తలలది. వెనకవైపు హామ్‌స్ట్రింగ్. పాత ఇంగ్లీషులో హామ్ అంటే మోకాలి వెనక గుంట, స్ట్రింగ్ అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు. కుర్చీలో కూర్చుని, మడమను నేలకు నొక్కి వెనక్కి లాగుతూ మోకాలి వెనక తడమండి. ఇరుపక్కలా ఆ తాళ్లు బిగుసుకుని తగులుతాయి.