టార్గెట్ మీద చిల్లులు కనబడాలంటే గుర్తు వెనక పెట్టండి, ముందు కాదు

ఐదు షాట్లు కొట్టి, కళ్లు చికిలించి చూసి, "మూడే తగిలాయండీ" అని డీలాపడేవాళ్లు ప్రతి రైఫిల్ క్లబ్బులోనూ కనిపిస్తారు. చాలాసార్లు ఐదూ తగిలే ఉంటాయి. నల్ల భాగంలో పడ్డవి కంటికి ఆనవు, అంతే. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ (చిన్న సీసం గుండు) అడ్డంగా 4.5 మిల్లీమీటర్లు, .22 రైఫిల్ తూటా 5.6 మిల్లీమీటర్లు. పది మీటర్ల నుంచి తెల్ల కాగితం మీద పెల్లెట్ చిల్లును మంచి చూపున్నవాళ్లు పట్టేస్తారు. అదే 50 మీటర్ల నుంచి .22 చిల్లు చూడటమంటే, మీటరు దూరంలో పట్టుకున్న వెంట్రుక మందాన్ని చూడటమే. అది కూడా నలుపు మీద నలుపు!

దీనికి జనం చేసే వైద్యాలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఒకరు చిల్లు చుట్టూ స్కెచ్ పెన్నుతో సున్నాలు చుడతారు, మరొకరు వైట్‌నర్ పూస్తారు. ఇంకొకరు బాల్‌పెన్ను మొన చిల్లులో దూర్చి గిర్రున తిప్పుతారు, "ఇప్పుడు బాగా కనిపిస్తోంది" అంటూ. కనిపించదా మరి, చిల్లు రెండింతలైంది కదా. స్కోరు ఎగిరిపోయింది, గ్రూప్ (అన్ని షాట్లూ కలిసి పడ్డ గుంపు) ఎక్కడుందో తెలియకుండా పోయింది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పుడు స్కోరు చెప్పింది ఎలక్ట్రానిక్ టార్గెట్. అక్కడ షూటర్ పక్కనే తెర, తెర మీద చుక్క. మామూలు క్లబ్బుల్లో, ఎన్‌సీసీ ఫైరింగుల్లో, ఇంటి డాబా మీద ప్రాక్టీసులో ఉండేది కాగితమే. కాగితంతో పని ఉన్నన్నాళ్లూ కింది పద్ధతి తప్పదు.

కావలసినవి: మందపాటి టార్గెట్ కార్డులు, వెనక పెట్టడానికి అట్ట, నాలుగు క్లిప్పులు, చిన్న టార్చి, మొన మొద్దుగా ఉన్న చెక్క పుల్ల, స్టేషనరీ షాపులో దొరికే ఫ్లోరెసెంట్ స్టికర్లు మూడు రంగుల్లో. ధరలు అంటించే రకం గుండ్రటి స్టికర్లు చాలు. అవి దొరక్కపోతే జిగురున్న నోట్ కాగితాలను, జిగురు పట్టీ వైపు నుంచే, సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించండి. ఇంట్లో ఉన్నాయి కదా అని ఎర్ర బొట్టుబిళ్లలు తేకండి. వెలుగు తక్కువగా ఉన్న రేంజిలో నలుపు మధ్య ఎరుపు కూడా నల్లగానే కనిపిస్తుంది. నిమ్మపండు పసుపు, నారింజ, లేతాకుపచ్చ. ఈ మూడు తప్ప వేరేవి వద్దు.

మొదటి పని, కార్డును అట్టకు క్లిప్పులతో బిగించండి. జిగురుతో అంటించకండి, ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది. కార్డు అట్టకు ఆనుకుని బిగువుగా ఉండాలి. వదులుగా వేలాడే కాగితాన్ని పెల్లెట్ కోయదు, చింపుతుంది. ఇంట్లో ప్రింటు తీసుకునేవాళ్లు మామూలు ఏ4 కాగితం వాడకుండా డ్రాయింగ్ షీటు లాంటి మందం ఉన్నది వాడండి. పెల్లెట్లు తల చదునుగా ఉన్నవే కొనండి. సూదితల పెల్లెట్ కాగితాన్ని గుచ్చి దూసుకుపోతుంది, వెనకాల కాగితం మళ్లీ మూసుకుంటుంది.

రెండోది, కాల్చండి. ఐదు చాలు. అయ్యాక తుపాకీ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, సేఫ్టీ ఫ్లాగ్ (తుపాకీ ఖాళీ అని చూపే రంగు పుల్ల) పెట్టి, కింద ఉంచి, రేంజ్ ఆఫీసర్ చెప్పాకే ముందుకు వెళ్లండి. పక్క లేన్‌లో ఒక్కడు ఇంకా తుపాకీ పట్టుకుని ఉన్నా కదలకండి. తీగ మీద టార్గెట్ మన దగ్గరికే వచ్చే రేంజి అయితే ఈ తిప్పలేదు.

మూడోది స్కోరు. ఏ గుర్తూ పెట్టకముందే వేయాలి. చిల్లు అంచు వలయం గీతను తాకితే పెద్ద విలువే లెక్క. అనుమానం ఉంటే చిల్లు చుట్టూ ఉన్న బూడిదరంగు మచ్చ చూడండి. పెల్లెట్ సీసం కాగితానికి రుద్దుకుని పెట్టిన గుర్తు అది. చిరిగిన అంచు కన్నా నిజమైన కొలత అదే చెబుతుంది. తెలుపు మీద అది మామూలుగానే కనిపిస్తుంది, నలుపు మీద కావాలంటే టార్చిని పక్క నుంచి, దాదాపు కాగితానికి ఆనించి వెలిగించండి, సీసం మెరుస్తుంది. పోటీల్లో అయితే గేజి (చిల్లులో దించి కొలిచే సాధనం) వాడతారు, ఒక చిల్లులో ఒక్కసారే దించాలి. ఆ గేజికే అంత నియమం ఉంటే పెన్నుతో పొడిచేవాళ్లను ఏమనాలి? స్కోర్లు కార్డు అంచున రాసుకోండి, చిల్లుల పక్కన కాదు.

ఇక అసలు పని. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

కార్డు తిప్పి వెనక వైపు చూడండి. ప్రతి చిల్లు చుట్టూ కాగితం రేకులు బయటికి లేచి ఉంటాయి. పెల్లెట్ కార్డులో చిన్నవి, .22 అయితే పెద్దవి. ఆ రేకుల మీదే స్టికర్ పెట్టి వేలితో నొక్కారనుకోండి, అవి మళ్లీ చిల్లులోకి మడిచిపోయి తలుపులా మూసేస్తాయి. ముందు నుంచి చూస్తే రంగు కనబడదు, చిల్లు కూడా కనబడదు. అప్పుడు "ఈ పద్ధతి పనిచేయలేదు" అంటారు. పద్ధతి బాగానే ఉంది, మీ వేలిదే తొందర.

కార్డును గట్టి బల్ల మీద బోర్లా పెట్టండి. పుల్ల మొనతో ఒక్కో రేకును చిల్లు మధ్య నుంచి బయటికి, వెనక్కి వాల్చండి. పుల్ల చిల్లులోంచి అవతలికి దిగకూడదు, రేకు మొదట్లో ఆని పక్కకు తోయాలి. దువ్వినట్టు తేలిగ్గా. రేకు వాలకుండా మళ్లీ లేస్తుంటే బలం పెట్టకండి, గోటితో ఒకసారి మడత మీద రాయండి, పడుకుంటుంది. గోళ్ల కత్తెరతో కత్తిరిద్దామన్న ఆలోచన వస్తుంది, వద్దు. కత్తెర మొన ఎప్పుడూ అసలు అంచును కొంత తీసుకుపోతుంది. రేకును చేత్తో పీకడం ఇంకా ఘోరం, చిరుగు ముందువైపు నల్లరంగు దాకా పాకుతుంది.

రెండు చిల్లులు కలిసిపోయి ఎనిమిది అంకెలా ఉన్నచోట ఇంకా జాగ్రత్త కావాలి. మధ్యలో మిగిలిన సన్నటి మొనలే అవి రెండు షాట్లు అని చెప్పే సాక్ష్యం. వాటిని ముట్టుకోకండి, బయటి అంచుల రేకులను మాత్రమే వాల్చండి. ఆ మొనలు పోతే రెండు షాట్లు ఒక పెద్ద చిల్లవుతాయి, మిగతా షాట్ ఎక్కడికి పోయిందో మీరు వెతుక్కుంటారు.

ప్రతి చిల్లునూ వాల్చాక కార్డు ఎత్తి వెలుగుకు పెట్టి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క కనబడితే అయిపోయినట్టు. నెలవంకలా కనబడితే ఇంకో రేకు మిగిలింది.

ఇప్పుడు స్టికర్. రంగు వైపు చిల్లులోంచి ముందుకు కనబడాలి, అంటే జిగురు వైపే రంగు ఉండాలి. చాలా స్టికర్లకు జిగురు వైపు తెల్లగా ఉంటుంది, నిజానికి నలుపులో తెలుపు కూడా బాగానే కనిపిస్తుంది. కానీ రంగే కావాలంటే వెడల్పు సెలోటేప్ ముక్క మీద చిన్న ఫ్లోరెసెంట్ కాగితం, రంగు మీ వైపుకు ఉండేలా కాగితం వీపును జిగురుకు అంటించి, ఆ టేప్‌తో చిల్లు వెనక మూయండి. నేనెప్పుడూ చేసేది ఇదే. ఒక్క నిమిషం ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

కార్డు తిప్పితే నల్ల వలయంలో నారింజ చుక్కలు. కార్డును తిరిగి అట్టకు బిగించి, రెండో ఐదూ కాల్చండి. పాతవి రంగుచుక్కలు, కొత్తవి వట్టి చిల్లులు, తేడా తెలిసిపోతుంది. కొత్తది పాతదాన్ని తాకితే రంగు చుక్క నెలవంకై కనిపిస్తుంది. సైట్‌లో (తుపాకీ మీద గురి చూసే భాగంలో) క్లిక్కులు మార్చాక గ్రూప్ ఎటు జరిగిందో తెలుసుకోవడానికి ఇంతకు మించినది నాకు తెలియదు. రెండో ఐదింటికి పసుపు, మూడో ఐదింటికి ఆకుపచ్చ. ఆ తర్వాత కార్డు మార్చండి, పిసినారితనం వద్దు. వెనక వైపు ఏమైనా రాసుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయని గుర్తుంచుకోండి, పై అంచున బాణం గుర్తు వేసుకోండి.

కొందరు ముందే టార్గెట్ వెనక రంగు కాగితం అంటించి కాలుస్తారు. పెల్లెట్ మొదటి కాగితం దగ్గర ఆగుతుందా? రంగు కాగితానికీ అదే చోట అదే చిల్లు పడుతుంది, దాంట్లోంచి కనిపించేది మళ్లీ చీకటే. తగలగానే నలుపు రాలి పసుపు బయటపడే టార్గెట్లు అమ్ముతారు, అవి కాల్చి సంబరపడటానికి బాగుంటాయి. కానీ రాలే మచ్చ చిల్లు కన్నా చాలా పెద్దది, దగ్గరదగ్గర షాట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. స్కోరుకు పనికిరావు.

25, 50 మీటర్ల .22 వాళ్లకు ఒక మినహాయింపు. వెనక రంగు ఎంత మెరిసినా అది 5.6 మిల్లీమీటర్ల కిటికీలోంచే కదా కనిపించేది, స్పాటింగ్ స్కోప్ (చిల్లులు చూసే చిన్న దుర్బిణి) లేకుండా కష్టం. స్కోప్ లేనిచోట స్కోరు రాసేశాక, చిల్లు సరిగ్గా మధ్యకు వచ్చేలా రెండు సెంటీమీటర్ల చుక్కను ముందువైపే అంటించుకోండి. ఎన్‌సీసీ ఫైరింగులో చిల్లులు మూయడానికి మైదాజిగురుతో కాగితం ముక్కలు అంటిస్తారు, అది వేరే పని. నల్ల భాగానికి నల్ల ముక్క, తెల్లదానికి తెల్ల ముక్క పెట్టి చిల్లును మాయం చేయడం దాని ఉద్దేశం. గ్రూప్ కొలవకముందే మూసేస్తే అడగడానికి ఏమీ మిగలదు.

అయిపోయాక చేతులు సబ్బుతో కడుక్కోండి. రేకులు వాల్చేటప్పుడు వేళ్లకు అంటుకునే నలుపు సిరా కాదు, సీసం. కడుక్కున్నాకే టీ, సమోసా.