మన మట్టి మనమే చదువుదాం – 3వ పాఠం: చెగోడీ పరీక్ష

పోయిన పాఠంలో గట్టు మీద నిలబడి పొలం వాలు చూశాం. ఈసారి మడిలోకి దిగి మట్టి ముట్టుకుందాం, దాన్ని చెగోడీలా చుట్టి అందులో ఇసకెంతో బంకెంతో తెలుసుకుందాం. గునపం, చెంబుడు నీళ్లు, మూతున్న గాజు సీసా, పిల్లల స్కేలు తెచ్చుకోండి.

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మనవాళ్లని "మీది ఏ నేలండీ?" అనడిగితే ముందు రంగే చెప్తారు. ఎర్రనేల, నల్లనేల. మట్టి ఎర్రగా ఉందంటే అందులో ఇనుము తుప్పు ఉందని అర్థం, అంతవరకే. ఇసక ఎంత, బంకమన్ను ఎంత అన్నది రంగు చెప్పదు. కొండ మొదట్లో కంకరా ఎరుపే, దిగువ మడిలో కాలికి అంటుకుని చెప్పు లాగేసే మట్టీ ఒక్కోసారి ఎరుపే. ఆ రెంటిలో ఒకే పంట వేస్తామా?

తేడా అంతా రేణువులో ఉంది. ఇసక రేణువు 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నది. నీళ్లనీ ఎరువునీ పట్టి ఉంచేది ఆ చిన్నదే. రెంటికీ నడిమిది ఒండ్రు.

ఇక పని. గట్టు పక్కనా, పెంట కుప్ప పోసిన చోటా తవ్వొద్దు. పైన గడ్డి గీకేసి 15 సెంటీమీటర్ల లోతు నుంచి గుప్పెడు మట్టి తీయండి. రాళ్లూ వేళ్లూ ఏరేయండి. నీళ్లు కొంచెం కొంచెంగా చిలకరిస్తూ చపాతీ పిండిలా పిసకండి. అరచేతికి అతుక్కుపోతే నీళ్లెక్కువయ్యాయి, పొడిమట్టి కలపండి. రెండు నిమిషాలకి తక్కువ పిసకొద్దు. గడ్డల్లో దాగిన బంక నానకపోతే మంచి బంకనేల కూడా ఇసకలాగే వేళ్ల మధ్య రాలిపోతుంది. కొత్తవాళ్లంతా ఇక్కడే తప్పుతారు.

ఇప్పుడు ఆ ముద్దని అరచేతుల మధ్య చెగోడీకి పులిమినట్టు పులమండి. పెన్సిల్లో సగం లావు తాడు చాలు. తాడు వస్తే దాన్ని చెగోడీలా చుట్ట చుట్టండి.

ముద్దే కట్టకపోతే అది ఇసక. ముద్ద కట్టింది గానీ పులుముతుంటే ముక్కలైపోతే ఇసక గరప, అంటే ఇసక పాలు ఎక్కువున్న కలగలుపు నేల. తాడు వచ్చి, చుట్ట చుట్టేసరికి బయటివైపు పగుళ్లిస్తే గరపకీ బంకకీ మధ్యరకం. పగులు లేకుండా చుట్ట నున్నగా కూర్చుంటే అది బంకనేల. అనుమానముంటే చెవి దగ్గర పెట్టి వేళ్లతో నలపండి; ఇసకుంటే గరగర వినిపిస్తుంది. వంశధార ఒడ్డు మట్టిలో ఒండ్రు ఎక్కువున్న చోట మైదాపిండిలా మెత్తగా జారుతుంది గానీ బంకలా సాగదు. దాన్ని చూసి బంకనేల అనుకోకండి.

ఏ నేలకి ఏ పంట? ముద్ద కట్టని కంకర వాలు మీద వరి కోసం గొడవపడొద్దు. జీడిమామిడి వేయండి, దాని వేరు కంకర సందుల్లోంచి దారి చేసుకుంటుంది. కొండమీద సవర గిరిజనులు సామలు, కొర్రలతోపాటు కందులు కలిపి చల్లేది ఊరికే కాదు: సామలు పైతడి తాగి త్వరగా కోతకొస్తాయి, కంది లోతు తడి మీద శీతాకాలం దాకా నిలబడుతుంది. ఇసక గరపలో చోళ్లు (రాగులు), వేరుశనగ, ఉలవలు. చుట్ట పగిలే మధ్యరకంలో మొక్కజొన్న. నీరు నిలవకపోతే పత్తి కూడా. నున్నటి చుట్ట వచ్చే పల్లం వరిది.

ఈ పరీక్ష తెలియని రోజుల్లో నేను పల్లంలో, నల్లగా నిగనిగలాడుతోందని మురిసి, వేరుశనగ వేశాను. మొక్క ఏపుగా వచ్చింది, ఊరంతా వచ్చి చూశారు. పీకబోతే మొక్క ఒక్కటే చేతికొచ్చింది, కాయలు గట్టిపడిన మట్టిలోనే ఉండిపోయాయి. పలుగుతో తవ్వించిన కూలి కాయల ఖరీదుని మించిపోయింది. చెగోడీ ఒక్కటి చుట్టి ఉంటే తెలిసేది: ఊడ (పూత నుంచి దిగి కాయ కట్టే కాడ) భూమిలోకి దిగడానికీ, కాయ పైకి రావడానికీ వేరుశనగకి వదులు నేల కావాలి.

చేతి మీద నమ్మకం కుదరనివాళ్లకి సీసా ఉంది. మూడో వంతు పొడిమట్టి, చిటికెడు బట్టలసోడా, మిగతా నీళ్లు. బాగా గిలకొట్టి, కదలని చోట పెట్టండి. నిమిషానికి అడుగున చేరింది ఇసక. సీసా మీద గీత పెట్టండి. రెండు గంటలకి దాని మీద చేరింది ఒండ్రు, మళ్లీ గీత. ఆ తర్వాత తేరేది బంక, దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మొత్తం 10 సెంటీమీటర్లలో ఇసక 6.5, ఒండ్రు 2, బంక 1.5 వచ్చిందంటే మీది ఇసక గరపే. పైన తేలిన చెత్త లెక్కలోకి రాదు.

ఇంటిపని: ఒకే పొలంలో ఎగువన, నడిమిన, దిగువన మూడు చోట్ల మట్టి తీసి మూడు చెగోడీలు చుట్టి, వరసగా పళ్లెంలో ఎండబెట్టండి. ఏళ్లతరబడి వానకి సన్నరేణువులు కిందికి కొట్టుకుపోతాయి కాబట్టి మూడూ ఒకేలా ఉండకపోవచ్చు. ఎండిన చెగోడీలు పారేయొద్దు. నాలుగో పాఠంలో ఒడియాలో వచ్చే భూసార కార్డుని (ప్రభుత్వం ఇచ్చే మట్టి పరీక్ష చీటీ) వాటి పక్కన పెట్టుకుని, పులుపునేలకి (ఆమ్ల నేలకి) సున్నం ఎందుకో చూద్దాం.