నీటి ఆధారిత పెయింట్‌లో గుంటలు: చివరికి పనిచేసిన పద్ధతి

ఉక్కు ప్లేటు మీద నీటి ఆధారిత అక్రిలిక్ టాప్‌కోట్ కొట్టిన రెండు నిమిషాల్లోపే గుండుసూది తలకాయంత గుంటలు. నడుమ ఉక్కు మెరుస్తూ, చుట్టూ పెయింట్ గట్టులా లేచి ఉండేది. డీఫోమర్ (నురగ తగ్గించే మందు) పెంచడం, ప్లేటు మళ్లీ తుడవడం, చిక్కదనం పెంచడం, సిలికోన్ లెవెలింగ్ ఏజెంట్ (పొరను సమంగా పరిచే మందు) వేయడం: ఏదీ పనిచేయలేదు. చివరికి పనిచేసింది ఫ్లోరో సర్ఫాక్టెంట్, అంటే తలతన్యతను బాగా తగ్గించే ఫ్లోరిన్ రసాయనం.

ఇలాంటి గుంటలకు కారణం ప్లేటు మీది నూనె మరకలు. నూనె మరక దగ్గర తలతన్యత తక్కువ, అందుకే పెయింట్ అక్కణ్నుంచి పక్కకు జరిగిపోతుంది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. మంచి ఫ్లోరో సర్ఫాక్టెంట్ దాన్ని 20కి దగ్గరగా దించగలదు.

అసలు కిటుకు కలిపే తీరులో ఉంది. నాన్-అయానిక్ (విద్యుదావేశం లేని) రకం ఫ్లోరో సర్ఫాక్టెంట్‌ను ముందు సగం నీరు, సగం బ్యూటైల్ గ్లైకాల్ (నీటిలో కలిసే ఒక ద్రావకం) మిశ్రమంలో 10 శాతం క్రియాశీల ద్రావణంగా చేసుకున్నాను. నేరుగా పోస్తే అది అక్కడక్కడ గడ్డకట్టి, తానే గుంటలు పుట్టిస్తుంది. పిగ్మెంట్ (రంగు పొడి) గ్రైండింగ్ అయ్యాక, దాన్ని మిగతా రెసిన్‌తో కలిపే లెట్‌డౌన్ దశలో, మెల్లగా తిప్పుతూ 10 కిలోల పెయింట్‌కు 20 గ్రాముల ద్రావణం పోశాను. అంటే అసలు సర్ఫాక్టెంట్ లెక్కన 0.02 శాతం. రాత్రంతా ఉంచి, మర్నాడు అదే మురికి ప్లేటు మీద చూస్తే ఒకటి రెండు గుంటలే మిగిలాయి. 50 గ్రాములకు పెంచాక అవీ పోయాయి.

ఇంతకు మించి వేయకండి: నురగ నిలబడిపోతుంది, రెండో కోటు పట్టు తగ్గవచ్చు. రెండో కోటు వేసి, గీతలు గీసి, టేపుతో లాగి చూడటం తప్పనిసరి. మీ రెసిన్‌కు ఇదే మోతాదు సరిపోతుందని చెప్పలేను. కంప్రెసర్ నుంచి నూనె వస్తుంటే మాత్రం ముందు ఫిల్టర్ మార్చండి. పొడవు గొలుసు ఫ్లోరిన్ రసాయనమైన పీఎఫ్‌ఓఏ 2019లో, హానికర రసాయనాలను నియంత్రించే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కింది కాబట్టి, కొనేముందు ఫ్లోరిన్ ఉన్న కార్బన్ గొలుసు పొడవు, మీ దేశపు నిబంధనలు అడిగి తెలుసుకోండి.