పికప్ ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేయించే ముందు జాగ్రత్తలు

ముందుగా ఆర్సీ, బీమా కాగితాలు తీసి చూసుకోవాలి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసినందున, నల్లగొండ ఆర్టీఏ కార్యాలయంలో విచారించనిదే ఎవరికీ అడ్వాన్సు ఇవ్వరాదు.

టైరును లెక్క వేసి ఎంచుకోవాలి. 265/65 ఆర్17 సైజు (వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు) టైరు తీసి 265/70 ఆర్17 వేస్తే టైరు వ్యాసం సుమారు 26 మిల్లీమీటర్లు పెరుగుతుంది గానీ, బండి లేచేది అందులో సగమే. పైగా అంతవరకు సరిగ్గా చూపిన మీటరు 80 దగ్గర ఉన్నప్పుడు బండి దాదాపు 83 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. టైరు ఎంత బరువు మోయగలదో తెలిపే లోడ్ ఇండెక్స్ అంకె పాతదానికన్నా తగ్గకూడదు. స్టెప్నీ కూడా అదే సైజుది ఉండాలి.

రోజూ హైవే మీద నడుస్తూ, అప్పుడప్పుడు దేవరకొండ వైపు బత్తాయి తోటల బాట పట్టే బండికి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ అనవసరమనే నా అభిప్రాయం. తప్పదనుకుంటే రెండు అంగుళాలు దాటకుండా చూసుకొని, బ్రేక్ గొట్టాల పొడవు, యాక్సిల్ జాయింట్ల వంపు పరీక్షించి, వీల్ అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల దిశ మళ్లీ సరిచేయించాలి.

డబ్బు చెల్లించే ముందు ధాన్యం బస్తాలు వేసి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుంటున్నదేమో వంగి చూడాలి.