సిగరెట్ మానడానికి ఫోన్ సాయం తీసుకోవడం ఎలా?

పొగ మానాలని యాప్ వేసుకుని, వారం తిరగకుండానే తీసేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఎందుకు తీసేశావని అడిగితే ఇంచుమించు అందరిదీ ఒకటే మాట: ఊరికే మోగుతుంటుంది, అవసరమైనప్పుడు మాత్రం పలకదు. అందులో నిజముంది. పొద్దున్నే పళ్లు తోముకుంటున్నప్పుడు 'పొగాకు ప్రాణాంతకం' అని మెసేజ్ వస్తే ఏం లాభం? అది రావాల్సింది అన్నం తిని టీ బంకు వైపు నడిచేటప్పుడు, చెయ్యి జేబులోకి పోకముందు.

మన వేళలు, మనం తిరిగే చోట్లు, మనమిచ్చే జవాబులు గమనించి దానికి తగ్గట్టు తన తీరు మార్చుకునే సాఫ్ట్‌వేర్‌లు ఇప్పుడున్నాయి. వీటిని అడాప్టివ్ సాఫ్ట్‌వేర్ అంటారు. అయితే మన సంగతి దానికి పుట్టుకతో తెలియదు, మనమే నేర్పాలి. అనంతపురంలో ఆటో నడిపే మా చిన్నాయనకు ఇలాంటి యాప్ పెట్టిచ్చి, పక్కన కూర్చుని అన్నీ సరిచేశాను. ఏది ముందు, ఏది వెనక అన్నది అక్కడ చూసిందే ఇక్కడ చెప్తున్నాను.

మొదటి వారం మానొద్దు, రాసుకోండి

చాలామంది యాప్ వేసుకున్న రోజే మానేస్తారు. అప్పటికి యాప్‌కు మీ గురించి ఏమీ తెలియదు కాబట్టి, కష్టమైన తొలి రోజుల్లో అది మీకు అక్కరకు రాదు. అందుకే ఒక వారం మామూలుగానే ఉండండి. సిగరెట్ వెలిగించే ముందు మాత్రం యాప్‌లో నాలుగు ముక్కలు పెట్టండి: టైము, చోటు, పక్కన ఎవరున్నారు, మనసు ఎలా ఉంది. టైపు చేయడం రానివాళ్లు మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పొచ్చు.

చిన్నాయన పెట్టినవి ఇలా ఉండేవి. "6:40. ఇంటి బయట. కాఫీ అయినాక. ఒక్కణ్ణే." "11:15. ఆర్టీసీ బస్టాండు. బేరం లేదు." "11:50. అక్కడే. ఇంకా బేరం లేదు." "2:10. అన్నం తిన్నాక." "7:30. క్లాక్ టవర్ కాడ. ఫ్రెండ్సు."

టెన్షన్ వల్లే తాగుతున్నానని ఆయన ఎప్పుడూ అనేవాడు. వారం తర్వాత చూస్తే టెన్షన్ అని పెట్టినవి ఒకటీ అరా. ఎక్కువ భాగం బేరం లేక బండిలో ఊరికే కూర్చున్నప్పటివే. బండి కదులుతున్నంతసేపూ ఆయనకు సిగరెట్ గుర్తే రాదు. ఈ సంగతి తెలియకపోతే యాప్ ఆయనకు ప్రాణాయామం నేర్పుతూ కూర్చునేది. నిజానికి కావాల్సింది ఖాళీగా ఉన్న చేతులకు ఒక పని.

యాప్ నిజంగా నేర్చుకుంటుందో లేదో చూడండి

పేరులో 'స్మార్ట్' అని ఉన్నంత మాత్రాన సరిపోదు. చాలా యాప్‌లు ఉత్త అలారాలే. తెలుసుకునే ఉపాయం ఒకటుంది. ఒకే వేళకు వచ్చే మెసేజ్‌కు వరసగా కొన్ని రోజులు 'ఇప్పుడు కాదు' అని నొక్కండి. ఆ తర్వాత కూడా అదే టైముకి అదే మాట వస్తుంటే అది నేర్చుకునే రకం కాదు, తీసేయండి. టైము జరిపినా, మాట మార్చినా, 'ఎప్పుడు పంపమంటారు?' అని అడిగినా పనికొస్తుంది. మీ మెసేజ్‌లు మీరే రాసుకునే వీలుందా అన్నది కూడా చూడండి. నా లెక్కలో మిగతా హంగులన్నిటికన్నా అదే ముఖ్యం.

సెట్టింగ్స్

ఇక్కడే చాలామందికి దెబ్బ పడేది. మన దగ్గర ఎక్కువమంది వాడే ఫోన్లు చార్జింగ్ మిగల్చడానికి, తెరిచి లేని యాప్‌లను వెనకాల ఆపేస్తాయి. యాప్ పలకడం లేదని మనం దాన్ని తిట్టుకుంటాం. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, మీ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర 'అన్‌రెస్ట్రిక్టెడ్' లేదా 'నో రెస్ట్రిక్షన్స్' పెట్టండి. ఆటోస్టార్ట్ అనే మీట ఉంటే ఆన్ చేయండి.

అనుమతుల విషయంలో చెయ్యి బిగపట్టండి. నోటిఫికేషన్లు ఇవ్వాల్సిందే. ఫలానా చోటుకు పోగానే హెచ్చరించాలంటే లొకేషన్ కూడా కావాలి. కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్‌లు, కాల్ లిస్టు, ఫోటోలు మాత్రం సిగరెట్ మాన్పించే యాప్‌కు అక్కర్లేదు, అడిగితే అనుమానించండి. లోన్ యాప్‌ల దెబ్బ చూసినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కును, మన డేటా తుడిచేయమని అడిగే హక్కును రాసిపెట్టింది, అయితే అవి దశలవారీగా అమల్లోకి వచ్చేవి. యాప్ తీసేసే ముందు లోపల 'డిలీట్ అకౌంట్' నొక్కండి. ఐకాన్ తీసేసినంత మాత్రాన యాప్ కంపెనీ దగ్గరున్న వివరాలు పోవు.

ఎప్పుడు పలకకూడదో చెప్పండి

బండి నడుపుతున్నప్పుడు ఫోన్ మోగకూడదు. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం, మొహమాటం లేకుండా సెట్ చేయండి. నిద్ర వేళలు, నమాజు, పూజ, మీటింగు, ఏది మీకు ముఖ్యమో అది 'సైలెంట్' జాబితాలో పెట్టండి. ఇలాంటి యాప్‌ను నడకకు వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మే నెల మధ్యాహ్నం మూడింటికి 'లేచి పది నిమిషాలు నడవండి' అనే యాప్ మన ఎండలకు తయారైంది కాదు. వేసవిలో పదకొండు నుంచి ఐదు దాకా దాని నోరు కట్టేసి, తెల్లవారుజాముకు మార్చండి.

మెసేజ్ మీ మాటల్లో ఉండాలి

యాప్‌లో ముందే ఉన్న మెసేజ్ ఒకటి చదివి వినిపించి, "ఎట్లుంది చిన్నాయనా?" అని అడిగాను.

"ఎవరో ఆఫీసరు చెప్పినట్ల ఉందప్పా. నాకు చెప్పినట్ల లేదు," అన్నాడు.

అందుకని ఆయన చేతే చెప్పించి రాశాం. బస్టాండు దగ్గరికి: "సీటు దిగొద్దు. నీళ్లు తాగు. ఐదు నిమిషాలు చూడు." సాయంత్రం ఇంటికి మళ్లే వేళకు: "పాప ఎదురొస్తాది. నోరు వాసన లేకుండా ఎత్తుకో." పాప అంటే మనవరాలు.

'ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తా' అన్న లెక్కలో రాయండి. 'మానాలి, తగ్గించాలి' అని రాస్తే చేతికి పని దొరకదు. సిగరెట్ మీదికి మనసు గట్టిగా లాగేది మామూలుగా కొన్ని నిమిషాలే. ఆ కాసేపూ గడిచిపోయే పని ఏదైనా సరే: సోంపు, వేయించిన చెనిక్కాయలు, అద్దం తుడవడం, ఇంటికి ఫోన్.

మానే రోజు, ఆ తర్వాత

వారం వివరాలు చేరాక ఒక తేదీ పెట్టుకుని, దాన్ని యాప్‌లో నమోదు చేయండి. పొగాకులో ఉండి అలవాటు చేసే నికోటిన్ అందక వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి కొన్ని రోజుల్లోనే ఎక్కువ. తర్వాత వారాల మీద తగ్గుతూ వస్తాయి. అందుకే మానేసిన తొలి వారం యాప్‌ను ఎక్కువసార్లు పలకరించనివ్వండి, ఆ తర్వాత తగ్గించండి. తగ్గించడం మరిచిపోవద్దు. అమెరికాలో జనాన్ని నడిపించడానికి చేసిన హార్ట్‌స్టెప్స్ అనే యాప్‌ను ఆరు వారాలు పరీక్షించారు. రోజుకు ఐదు వేళలు పెట్టుకుని, కొన్నిసార్లు మెసేజ్ పంపారు, కొన్నిసార్లు మానేశారు. మెసేజ్ పంపాక అరగంటలో అడుగులు పెరిగాయి, కానీ రోజులు గడిచేకొద్దీ ఆ ప్రభావం తగ్గుతూ పోయింది. ఎంత మంచి మాటైనా రోజూ వింటే చెవికెక్కదు. మెసేజ్‌ల మాటలు కూడా అప్పుడప్పుడూ మార్చుకుంటూ ఉండండి.

ఒకరోజు జారి తాగేస్తే ఆ సంగతి కూడా యాప్‌లో నిజాయితీగా పెట్టండి. దాచిపెడితే ఆ వేళ, ఆ చోటు ప్రమాదమని దానికి ఎప్పటికీ తెలియదు. కొన్ని యాప్‌లు ఒక్క సిగరెట్‌కే 'మీ రోజులు: 0' అని చూపిస్తాయి. ఆ సున్నా చూసి, ఎలాగూ పోయింది కదా అని ప్యాకెట్ ఖాళీ చేసేవాళ్లుంటారు. ఆ లెక్క కనబడకుండా పెట్టుకోండి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త అలవాటు కుదురుకోవడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని తేలింది. అందరి లెక్కలూ వరసగా పేరిస్తే నడిమికి వచ్చేది 66 రోజులు. ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. అవి మంచి అలవాట్ల లెక్కలే, పొగ మానడం అంతకన్నా కష్టం. '21 రోజుల్లో మార్పు' అనే ప్రకటన చూసి, ఇరవై రెండో రోజున మనసు లాగితే కుంగిపోకండి.

ఫోన్‌తో కానప్పుడు

నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్ కావాలనిపిస్తే నికోటిన్ పట్టు గట్టిగా ఉన్నట్టే. అలాంటివాళ్లు డాక్టర్‌ను అడిగి నికోటిన్ గమ్ వాడొచ్చు. దాన్ని మామూలు చూయింగ్ గమ్ లాగా నమలకూడదు. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే దవడకు ఆనించి పెట్టాలి. గమ్ పెట్టుకోవడానికి ముందు పావుగంట టీ, కాఫీ తాగొద్దు, తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. పొగాకు మానేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయడానికి పైసా ఖర్చు లేదు. అది సిగరెట్ ప్యాకెట్ మీదే అచ్చేసి ఉంటుంది.

మద్యం సంగతి వేరు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు యాప్‌ను నమ్ముకుని ఒక్కసారిగా ఆపకూడదు. చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం దాకా పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఆసుపత్రికి పోవాల్సిందే. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో గానీ, కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లో గానీ సైకియాట్రీ ఓపీలో చూపించుకోండి. పోయేటప్పుడు ఓపీ చీటీతో పాటు యాప్‌లో రాసుకున్న వివరాలు కూడా తెరిచి చూపించండి. ఎప్పుడు, ఎంత, ఎక్కడ అని డాక్టరు అడిగేవన్నీ అందులో ముందే ఉంటాయి.