సాధారణ కంప్యూటర్‌లో భారీ షూటర్ గేమ్: ఆడాలా, ఆగాలా?

మెనూలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తెర మీద వచ్చే బొమ్మల (ఫ్రేముల) సంఖ్య, 60 చూపిస్తుంది. ఖాళీ వీధిలో నడుస్తున్నంతసేపూ 50 దగ్గర కుదురుగా ఉంటుంది. మలుపు తిరగ్గానే నలుగురు శత్రువులు ఎదురై, పక్కనే గ్రెనేడ్ పేలి, పొగ కమ్ముకున్న ఆ రెండు సెకన్లలో అది 22కు పడిపోతుంది. మీరు మౌస్ నొక్కిన సంగతి తెర మీద కనిపించేసరికి మీ పాత్ర నేలకూలి ఉంటుంది. సాధారణ స్థాయి కంప్యూటర్‌లో భారీ గ్రాఫిక్స్ ఉన్న షూటర్ గేమ్ ఆడవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఆ రెండు సెకన్లలోనే దొరుకుతుంది.

షూటర్ అంటే కంటికీ చేతికీ పొత్తు కుదరవలసిన ఆట. అందువల్ల నా లెక్క ఇది: తగ్గించగలిగిన అందాన్ని తగ్గించి, పోరు మధ్యలో కూడా ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచగలిగితే ఆ ఆట మీ కంప్యూటర్‌లో ఆడదగినదే, అది సాధ్యం కాకపోతే ఎంత పేరు మోసిన ఆటనైనా కొంతకాలం పక్కన పెట్టడమే మంచిది. ఈ సంగతిని డబ్బు పెట్టకముందు కొంతవరకు, పెట్టిన తర్వాత మొదటి గంటన్నరలో పూర్తిగా తేల్చుకోవచ్చు.

కొనకముందు చూడవలసినవి

ప్రతి ఆటకూ కనీస అవసరాలు, సిఫారసు చేసిన అవసరాలు అని రెండు పట్టికలు ఇస్తారు. చాలామంది అందులో గ్రాఫిక్స్ కార్డు పేరు ఒక్కటే చూసి తమ కార్డుతో పోల్చుకుంటారు గాని, అసలు చదవవలసింది ఆ పక్కన ఉండే చిన్న అక్షరాలను. ఏ రిజల్యూషన్‌లో, ఏ సెట్టింగుల మీద, ఎన్ని ఫ్రేములకు ఆ "కనీసం" సరిపోతుందో ఈమధ్య కొన్ని సంస్థలు స్పష్టంగా రాస్తున్నాయి. కనీసం అన్న మాటకు అర్థం చాలాసార్లు 1080పీ (1920x1080 పిక్సెళ్లు), "లో" అనే అతి తక్కువ సెట్టింగులు, సెకనుకు 30 ఫ్రేములు మాత్రమే. ఆ 30 కూడా అప్‌స్కేలింగ్ సాయంతో, అంటే చిన్న బొమ్మను గీసి తెరకు సరిపడా పెంచడం ద్వారా, వచ్చినదై ఉండవచ్చు. మీ యంత్రం సరిగ్గా కనీసం దగ్గరే ఉంటే, పెట్టె తెరవకముందే సగం జవాబు వచ్చేసినట్టే.

ఇంకొన్ని ఆటల విషయంలో బేరమే ఉండదు. 2021లో వచ్చిన మెట్రో ఎక్సోడస్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్, 2025లో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్ వంటివి రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుగునీడలు గీసే పద్ధతి) హార్డ్‌వేర్ లేని కార్డుల కోసం తయారైనవి కావు. 2017లో రారాజులా వెలిగిన జీటీఎక్స్ 1080 టీఐ కార్డుకు 11 జీబీ వీడియో మెమరీ ఉన్నా మెట్రో ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో ప్రవేశం లేదు. దానికంటే మొత్తం మీద బలం తక్కువైన, 6 జీబీ మాత్రమే ఉన్న ఆర్‌టీఎక్స్ 2060కి ఉంది. అక్కడ సెట్టింగులు తగ్గించి ప్రయోజనం లేదు కాబట్టి, ఈ ఒక్క విషయం మాత్రం కొనకముందే చూసుకొని తీరాలి.

వాలొరంట్ వంటి పోటీ ఆటలు తక్కువ స్థాయి యంత్రాలను దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయి గనుక వాటి గురించి ఇక్కడ చర్చ అనవసరం.

రెండు గంటల పరీక్ష

ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న ఆటను 14 రోజుల లోపు, 2 గంటలకంటే తక్కువ సేపు ఆడి ఉంటే, తిరిగి ఇచ్చి డబ్బు వాపసు అడగవచ్చు. ఉచిత డెమో ఉంటే ముందు దానితోనే చూడాలి. లేనప్పుడు ఈ రెండు గంటలే మీ ప్రయోగశాల. అయితే ఆ సమయాన్ని హరించే గోతులు మూడు ఉన్నాయి. కొన్ని ఆటలు మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములు) సిద్ధం చేసుకుంటూ పది పదిహేను నిమిషాలు తినేస్తాయి, అదీ ఆడిన సమయంలోకే వస్తుంది. తర్వాత వచ్చే కథా దృశ్యాలు మరికొంత తింటాయి, కనుక పరీక్ష కోసం వాటిని దాటవేయండి. మూడోది అన్నిటికంటే మాయదారిది: తొలి ఘట్టం తరచుగా ఇరుకు గదుల్లోనో సొరంగంలోనో జరుగుతుంది, అక్కడ గీయవలసినది తక్కువ కాబట్టి అంతా సాఫీగా ఉన్నట్టు తోస్తుంది. ఆరుబయట జరిగే మొదటి పెద్ద పోరు వరకూ వెళ్లకుండా ఏ నిర్ణయానికీ రాకండి.

కొలవడానికి రివాట్యూనర్ వంటి ఉచిత సాధనాన్ని పెట్టుకొని, ఫ్రేమ్ రేటుతో పాటు ఫ్రేమ్ టైమ్ (ఒక్కొక్క ఫ్రేముకు పట్టిన సమయం) రేఖను కూడా తెర మూలన ఉంచండి. సగటు అంకె ఎలా మోసం చేస్తుందో చిన్న లెక్కలో చూడవచ్చు. ఒక సెకనులో 59 ఫ్రేములు ఒక్కొక్కటి 10 మిల్లీసెకన్లకు వచ్చాయనుకుందాం, అంటే 590 మిల్లీసెకన్లు. ఆ చివరి ఒక్క ఫ్రేము 400 మిల్లీసెకన్లు పట్టింది. మొత్తం 990. మీటరు గర్వంగా 60 అని చూపిస్తుంది, మీ కళ్లకు మాత్రం దాదాపు అర సెకను పాటు బొమ్మ గడ్డకట్టుకుపోయి కనిపిస్తుంది. రేఖ బల్లపరుపుగా ఉంటే 40 కూడా హాయిగా ఉంటుంది. ముళ్లకంపలా ఉంటే 70 కూడా చిరాకు పెడుతుంది. "1 శాతం లో" అని చూపించే అంకె, అంటే అతి నెమ్మదైన ఫ్రేముల స్థాయి, సగటు కంటే మీకు ఎక్కువ నిజం చెబుతుంది.

బరువు ఎవరి మీద పడుతోందో తెలుసుకోవడం

సెట్టింగులు ముట్టుకోకముందు ఒక పని చేయండి. పోరు దగ్గర గేమ్‌ను సేవ్ చేసి, రిజల్యూషన్‌ను 1920x1080 నుంచి 1280x720కు దించి, అదే పోరును మళ్లీ ఆడండి. మొదటిదానిలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి, రెండోదానిలో 9,21,600, అంటే సగం కంటే తక్కువ. ఫ్రేమ్ రేటు బాగా పెరిగితే గ్రాఫిక్స్ కార్డు మీద భారం ఉన్నట్టు; దానికి మందులు చాలా ఉన్నాయి. ఏమాత్రం కదలకపోతే అడ్డుపడుతున్నది ప్రాసెసర్. అప్పుడు నీడలు, రంగులు ఎంత తగ్గించినా లాభం అంతంతమాత్రమే. వీక్షణ దూరం, జనసమ్మర్దం, ఫిజిక్స్ వంటి కొద్ది సెట్టింగులే పనికొస్తాయి.

ప్రాసెసర్ అడ్డంకి ఎంత మొండిదో చెప్పడానికి 2007 నాటి క్రైసిస్ మంచి ఉదాహరణ. ఒక్కొక్క కోర్ వేగం అలా పెరుగుతూనే పోతుందన్న అంచనా మీద దాన్ని నిర్మించారు. పరిశ్రమ మాత్రం కోర్ల సంఖ్య పెంచే దారి పట్టింది. ఫలితంగా గ్రాఫిక్స్ కార్డులు ఎన్నో రెట్లు బలపడిన తర్వాత కూడా ఆ ఆట కొన్ని ఘట్టాల్లో అదే పాత ప్రాసెసర్ గోడకు తగులుకుంటూ వచ్చింది.

దేన్ని ముందు తగ్గించాలి

అన్నిటినీ ఒకేసారి "లో" మీద పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అందువల్ల ఆట వికారంగా మారుతుంది, ఏది తగ్గించడం వల్ల మేలు జరిగిందో కూడా తెలియదు. మొదట రే ట్రేసింగ్ పూర్తిగా ఆపండి. తర్వాత వాల్యూమెట్రిక్ పొగమంచు, ప్రతిబింబాలు, నీడలు, యాంబియెంట్ అక్లూజన్ (మూలల్లో, సందుల్లో పడే మెత్తని నీడ) అనే వరుసలో ఒక్కొక్కటిగా దించుతూ, ప్రతిసారీ అదే పోరును అర నిమిషం ఆడి చూడండి. నీడలను మరీ తీసేయకండి. గోడ మూల నుంచి ముందుకు పొడుచుకొచ్చిన నీడే చాలాసార్లు శత్రువు రాకను ముందుగా పట్టిస్తుంది.

ఖాళీ వీధిలో ఖర్చు కనిపించక, పోరులో మాత్రం ఒక్కసారిగా విరుచుకుపడే సెట్టింగులను ప్రత్యేకంగా వెతకాలి. నిప్పురవ్వలు, పొగ, శిథిలాలు ఎగిరిపడటం వంటి పార్టికల్ ఎఫెక్టులు ఆ కోవలోవి. పొగ తెరనంతా కమ్ముకున్నప్పుడు ఒకే పిక్సెల్‌ను పొర మీద పొరగా పలుమార్లు గీయవలసి వస్తుంది. 50 నుంచి 22కు పడిపోవడం వెనుక తరచుగా ఉండేది ఇదే. దీన్ని ఒక మెట్టు దించితే సగటు అంకెలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు గాని, మీరు బతికి బట్టకట్టే ఆ రెండు సెకన్లు మాత్రం బాగుపడతాయి.

టెక్స్చర్ల (వస్తువుల ఉపరితలం మీద అతికించే బొమ్మల) సంగతి వేరు. అవి వీడియో మెమరీలో పట్టినంతవరకు వేగాన్ని దాదాపు తగ్గించవు, పట్టకపోతే మాత్రం ఉన్నట్టుండి కుదుపులు మొదలవుతాయి. 4 జీబీ కార్డులో అల్ట్రా టెక్స్చర్లు పెట్టి, నీడలన్నీ తీసేసి, "ఇంకా ఎందుకు కుదుపుతోంది?" అని తల పట్టుకునేవారు తప్పుచోట తవ్వుతున్నారన్నమాట. మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్‌లను యంత్రం ఎంత గట్టిదైనా ఆపేయమనే నా సలహా. గురిపెట్టే ఆటలో చూపును మసకబరచుకోవడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. యానిసోట్రోపిక్ ఫిల్టరింగ్ 8 లేదా 16 మీద ఉంచితే నేల దూరం దాకా స్పష్టంగా కనిపిస్తుంది, ఖర్చూ స్వల్పం.

అప్‌స్కేలింగ్, అది తీర్చలేని లోటు

ఇంత చేసినా చాలకపోతే అప్‌స్కేలింగ్ వైపు చూడాలి. ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్‌కు ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి. ఏఎమ్‌డీ తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ తొలి తరాలు పాత కార్డుల మీద, ఇతర సంస్థల కార్డుల మీద కూడా పనిచేస్తాయి. ఎఫ్‌ఎస్‌ఆర్ 2లో క్వాలిటీ మోడ్ ఎంచుకుంటే 1080పీ తెరకు ఆట నిజంగా గీసేది 1280x720 బొమ్మను. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో 960x540ను. నాలుగో వంతు పిక్సెళ్ల నుంచి మొత్తం బొమ్మను ఊహించమని అడగడమంటే ఇదే. పెద్ద గోడలు, చెట్లు బాగానే కనిపిస్తాయి గాని, దూరంగా మేడ మీద కూర్చున్న స్నైపర్ నాలుగైదు పిక్సెళ్ల మనిషి. అతడు మిణుకుమిణుకుమంటూ కొమ్మల్లో కలిసిపోతాడు. అందువల్ల 1080పీ తెర మీద షూటర్ ఆడేవారు క్వాలిటీ మోడ్ కంటే కిందికి దిగకుండా ఉండటం మంచిది.

ఫ్రేమ్ జనరేషన్ అనే సదుపాయం నిజమైన రెండు ఫ్రేముల మధ్య కల్పిత ఫ్రేమును చొప్పించి అంకెను దాదాపు రెట్టింపు చేసి చూపిస్తుంది. అసలు రేటు 60 దగ్గర ఉన్నప్పుడు అది అందాన్నిస్తుంది. అసలు రేటు 30 అయితే కంటికి 60 లాగా కనిపించినా చేతికి 30 కంటే నెమ్మదిగానే తోస్తుంది, ఎందుకంటే కల్పిత ఫ్రేము మీ మౌస్ కదలికను ఎరగదు, పైగా తర్వాతి నిజమైన ఫ్రేము కోసం వేచి ఉండవలసి వస్తుంది. బలహీనమైన యంత్రానికి ఇది సంజీవని అనుకుని మోసపోకండి.

చివరగా ఫ్రేమ్ రేటుకు ఒక పరిమితి పెట్టండి. పోరులో 43 కంటే తగ్గకుండా ఉంటే, పరిమితిని 40 దగ్గర కట్టేయండి. 30 ఫ్రేములంటే ఒక్కొక్కటి 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7, వాటికి సరిగ్గా నడిమధ్యన 40 ఉంటుంది, 25 మిల్లీసెకన్లతో. తెర 120 హెర్ట్జ్‌దైనా, మారే రిఫ్రెష్ రేటు ఉన్నదైనా ఈ 40 చూడటానికి ఎంతో సాఫీగా ఉంటుంది. మామూలు 60 హెర్ట్జ్ తెర మీద మాత్రం లెక్క కుదరక కొంత అదురుతుంది.

ఆటకు బయట ఉన్న మందులు

ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీద ఆడేవారు ముందు ర్యామ్ చూసుకోవాలి. దానికి సొంత వీడియో మెమరీ ఉండదు, ర్యామ్ నుంచే తీసుకుంటుంది. ఒకే స్టిక్ ఉంటే దారి సగం మూసుకున్నట్టే. దానికి జతగా మరొక స్టిక్ వేసి డ్యూయల్ ఛానెల్ చేస్తే, ఏ సెట్టింగూ ఇవ్వనంత లాభం వస్తుంది. లాప్‌టాప్‌ను ఛార్జరుకు తగిలించి ఆడుతున్నారో లేదో, ఆట ఇంటిగ్రేటెడ్ చిప్ మీద కాక అసలు గ్రాఫిక్స్ కార్డు మీదే నడుస్తోందో లేదో చూడటం మరువకండి.

వేడి మరో సంగతి. నా పాత లాప్‌టాప్‌లో ఒక ఆట మొదటి పావుగంట 54 చూపించి, ఆపై మెల్లగా 31కి దిగేది. సెట్టింగులతో వారం రోజులు కుస్తీ పట్టాక, వెనుక జాలీలో పేరుకున్న దుమ్ము కంటబడింది. బ్రష్‌తో దులిపి, వెనుక భాగం కింద రెండు పుస్తకాలు పెట్టి లేపితే 48 దగ్గర నిలబడింది. కనుక మీ పరీక్షలో చివరి కొలతను కనీసం అరగంట ఆడిన తర్వాతే తీసుకోండి.

ఎప్పుడు ఆపేయాలి

ఒంటరిగా ఆడే కథా షూటర్ పోరులో 40 దగ్గర నిలిస్తే, ముఖ్యంగా కంట్రోలరుతో ఆడేవారు, నిశ్చింతగా ఆడుకోవచ్చు. ఇతరులతో పోటీపడే ఆటకు 60 కంటే తగ్గితే అవతలివారికి అయాచితంగా అవకాశం ఇచ్చినట్టే, కాబట్టి అక్కడ నేను రాజీపడను. క్వాలిటీ మోడ్ పెట్టి, సెట్టింగులు దించి, పరిమితి కట్టిన తర్వాత కూడా రేఖలో ముళ్లు లేస్తూనే ఉంటే వాపసు ఇచ్చేయండి. అలాగే, కొన్ని ఆటలకు వెలుగునీడలే ప్రాణం. పొగమంచు తీసేస్తే వాటిలో భయం పోతుంది, దూరం తగ్గిస్తే అడవి పోతుంది. సాఫీగా నడిచినా అలాంటివాటిని ఇప్పుడు ఆడి ముగించడం కంటే ఆగి ఆడటమే నాకు ఇష్టం. విడుదలైన తొలి నెలల్లో ఉండే కుదుపులను తర్వాత వచ్చే ప్యాచ్‌లు, కొత్త డ్రైవర్లు కొంతవరకు సరిచేస్తాయి కూడా.

వాపసు ఇచ్చే ముందు ఆ పోరు ఘట్టం పేరు, అక్కడ వచ్చిన సగటు, "1 శాతం లో" అంకె, ఉపయోగించిన సెట్టింగులు ఒక కాగితం మీద రాసిపెట్టుకొని, ఆటను విష్‌లిస్టులో చేర్చుకోండి. రెండో ర్యామ్ స్టిక్ వేసిన రోజునో, పెద్ద ప్యాచ్ వచ్చిన వారంలోనో మళ్లీ కొన్నప్పుడు, నేరుగా అదే పోరు దాకా వెళ్లి ఆ అంకెల పక్కన కొత్త అంకెలు వేసి చూసుకోవచ్చు.