కిలో బియ్యానికి ఎన్ని నీళ్లు? లెక్క కట్టడం, సరిచూడడం ఎలా?

ఒక వస్తువు తయారై మన చేతికి వచ్చేలోగా ఖర్చయ్యే మొత్తం నీటిని దాని నీటి పాదముద్ర అంటారు. ఈ భావనను 2002లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఆర్యెన్ హుక్‌స్ట్రా ముందుకు తెచ్చారు. నీటి పాదముద్ర లెక్కకు 2014లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్‌ఓ) నుంచి ఐఎస్‌ఓ 14046 ప్రమాణం వెలువడింది. గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ పంట) బియ్యం అమ్మే మిల్లు ఒకటి ఈ లెక్క కట్టదలచుకుందనుకుందాం.

ముందుగా హద్దు నిర్ణయించుకోవాలి. నారుమడి నుంచి బస్తా మిల్లు గేటు దాటేవరకూ అని కాగితం మీద రాసుకుంటే చాలు. తరువాత వాన నీటిని ఆకుపచ్చ పద్దులో, కాలువ, బోరు నీటిని నీలం పద్దులో, కాలుష్యాన్ని అనుమతించిన స్థాయికి పలుచన చేయడానికి కావలసిన నీటిని బూడిదరంగు పద్దులో వేయాలి.

పొలంలో కొలతకు రెండు డ్రమ్ములు చాలు. ఒకటి అడుగున్నది, మరొకటి అడుగు కోసేసినది. రెండింటినీ చేలో పాతి, ఆ చేని మట్టే నింపి, వరి నాటి, నీటిమట్టం చేనితో సమానంగా ఉంచి, రోజూ ఉదయం ఒకే వేళకు స్కేలు పెట్టి చూడాలి. అడుగున్న డ్రమ్ములో తగ్గినది ఆవిరైన నీరు. రెండింటి మధ్య తేడా భూమిలోకి ఇంకిన నీరు. వాన పడిన రోజు ఆ వర్షపాతాన్ని లెక్కలో సవరించుకోవాలి.

ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,047 లీటర్లు. ఉదాహరణకు పంటకాలంలో 600 మిల్లీమీటర్లు ఆవిరై, 75 కిలోల బస్తాలు 40 పండితే, కిలో ధాన్యానికి 809 లీటర్లు పడుతుంది. 67 శాతం బియ్యం దిగితే కిలో బియ్యానికి 1,208 లీటర్లు. తవుడు, నూకల వాటాను వాటి అమ్మకపు విలువను బట్టి ఇందులోంచి తీసివేయాలి.

ఇక చేలోంచి జారి మురుగు కాలువలో పడిన నీటి సంగతి. నా దృష్టిలో డెల్టా లెక్కలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఆ నీటిని దిగువ రైతు ఇంజను పెట్టి తోడుకుంటే, అది ఈ చేని ఖర్చు కాదు. ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలిస్తే మాత్రం నీలం పద్దులో చేరుతుంది. అందుకే కాలువ నీటిని చూసుకునే లస్కరును వెంటబెట్టుకుని కాలువ గట్టు మీద నడిచి చూడాలి.

బూడిదరంగు లెక్కకు మురుగులో చేరిన కాలుష్య పరిమాణాన్ని, అనుమతించిన గాఢతకూ సహజ గాఢతకూ ఉన్న తేడాతో భాగించాలి. 9 కిలోల నైట్రేటు చేరి, పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు, సహజంగా ఉన్నది 5 అయితే, 2,25,000 లీటర్లు వస్తుంది.

సంస్థ మొత్తం పాదముద్రకు మిల్లులో వాడిన నీటితోపాటు కొన్న ధాన్యం తాలూకు నీటినీ కలపాలి.

సరిచూసే వ్యక్తి లెక్క కట్టినవారికి సంబంధించినవారై ఉండకూడదు. సారాంశపు పట్టిక చూసి తలూపకుండా, రోజువారీ కొలతల పుస్తకం అడిగి, తానే ఎంచుకున్న చేలకు ముందుగా చెప్పకుండా వెళ్లాలి. మీటరు లేని బోరుంటే, మోటారు గంటకు ఎంత తోడుతుందో డ్రమ్ము నింపి కొలిచి, కరెంటు బిల్లులోని యూనిట్లను బట్టి అది నడిచిన గంటలు కట్టి, మిల్లు చూపిన అంకెతో పోల్చాలి. తేడాకు మిల్లువారు కారణం చూపేవరకూ ధ్రువపత్రం మీద సంతకం చేయకూడదు.